ట్రైకోడెర్మాలో ఆ ఇరవైలో లేని అమైనో ఆమ్లం: ఎవరైనా వివరంగా చెప్పగలరా?

శ్రావణి_బయోకెమ్

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. త్వరలో సెమినార్ ఉంది, టాపిక్ ట్రైకోడెర్మా. పంట తెగుళ్లకు వాడే బూజే కదా, తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. తీరా చదువుతుంటే అలమెథిసిన్ అనే చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) దగ్గర ఆగిపోయాను.

దాని వరుస ఇలా ఉంది: ఏఐబీ, ప్రోలిన్, ఏఐబీ, అలనిన్, ఏఐబీ, అలనిన్, గ్లుటమిన్, ఏఐబీ, వాలిన్, ఏఐబీ, గ్లైసిన్, ల్యూసిన్, ఏఐబీ, ప్రోలిన్, వాలిన్, ఏఐబీ, ఏఐబీ, గ్లుటామిక్ ఆమ్లం, గ్లుటమిన్, చివర ఫినైల్‌అలనినాల్. మొత్తం 20. అందులో 8 ఏఐబీలే. ఏఐబీ అంటే ఆల్ఫా అమైనో ఐసోబ్యుటిరిక్ ఆమ్లం.

ఇంటర్ నుంచి మాకు 20 అమైనో ఆమ్లాలు బట్టీ పట్టించారు. ఇది అందులో లేదు. దీనికి కోడాన్ (జన్యువులో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుర్తు) లేదు, కణంలో ప్రొటీన్లు కట్టే రైబోజోమ్ దగ్గరికి దాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ లేదు. మరి బూజు దీన్ని గొలుసులోకి ఎలా ఎక్కిస్తోంది? అడిగితే "అది సెకండరీ మెటబాలైట్ అమ్మా, అలాగే ఉంటుంది" అన్నారు ఒక సార్. అలాగే ఎందుకుంటుందో తెలిస్తే కదా నేను నలుగురి ముందు నిలబడి చెప్పేది! టెన్షన్‌గా ఉంది.

పాత_లెక్చరర్

అమ్మా శ్రావణీ, టెన్షన్ పడకు. మంచి ప్రశ్న అడిగావు.

నువ్వు బట్టీ పట్టిన ఇరవై రైబోజోమ్ వాడేవి. ఏఐబీ ఉన్న గొలుసు అసలు రైబోజోమ్ దగ్గరికే వెళ్లదు. దాన్ని కట్టేది ఒక ఎంజైమ్. దాన్ని నాన్‌రైబోజోమల్ పెప్టైడ్ సింథటేజ్ అంటారు, పొట్టిగా ఎన్‌ఆర్‌పీఎస్.

దీని కథ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదలైంది. 1942లో సోవియట్ రష్యాలో గాజ్, బ్రాజ్నికోవా అనే దంపతులు మట్టిలోని బాసిల్లస్ నుంచి గ్రామిసిడిన్ ఎస్ తీశారు. సైనికుల గాయాలకు వాడారు. అది పది అమైనో ఆమ్లాల ఉంగరం. అందులో ఆర్నిథిన్ ఉంది, అది ఇరవైలో లేదు. ఫినైల్‌అలనిన్ ఉంది కానీ మన ప్రొటీన్లలో ఉండే ఎల్ రూపం కాదు, దానికి అద్దంలో ప్రతిబింబంలాంటి డి రూపం. ఇవి ఎలా వచ్చాయన్నది చాలా ఏళ్లు తేలలేదు. 1960లలో జీవరసాయన శాస్త్రవేత్త లిప్‌మన్ బృందం, ఇంకొందరు ఆ బాక్టీరియా కణాల సారం తీసి, ఆర్‌ఎన్‌ఏను నరికే ఎంజైమ్ వేసి చూశారు. ప్రొటీన్ తయారీ ఆగాలి. గ్రామిసిడిన్ ఎస్ తయారీ మాత్రం ఆగలేదు. రైబోజోమ్‌ను ఆపే క్లోరాంఫెనికాల్ వేసినా ఆగలేదు. అంటే జన్యువు సందేశాన్ని రైబోజోమ్‌కు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ ప్రమేయమే లేదన్నమాట.

ఇంకో ముచ్చట. లిప్‌మన్‌కు 1953లో నోబెల్ వచ్చింది కోఎంజైమ్ ఏ మీద. ఈ ఎన్‌ఆర్‌పీఎస్ అమైనో ఆమ్లాన్ని పట్టుకునే పొడవాటి చెయ్యి ఉంది చూశావా, ఫాస్ఫోపాంటెథీన్, అది కోఎంజైమ్ ఏ నుంచి తెచ్చి అతికించిందే. మొదటి పనిలో దొరికిన అణువు ముక్కే రెండో పనిలోనూ ఆయనకు ఎదురైంది. ఇది క్లాసులో చెబితే వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తేవారు.

అనుమానాల_రావు

ఒక్క మాట సార్. రైబోజోమ్ వాడేవి ఇరవై అన్నారు. సెలీనోసిస్టీన్ 21వది, పైరోలైసిన్ 22వది కదా? పైరోలైసిన్ 2002లోనే మీథేన్ చేసే సూక్ష్మజీవుల్లో దొరికింది. ఏఐబీ కూడా అలాగే 23వది ఎందుకు కాకూడదు?

జెనా_తెలుగోడు

రావు గారూ, ఆ రెండింటికీ సొంత టీఆర్‌ఎన్‌ఏ ఉంది. మామూలుగా "ఆగు" అని చెప్పే కోడాన్‌నే వాటి కోసం మళ్లించుకుంటాయి. అవి రైబోజోమ్ గుండానే పోతాయి. ఏఐబీకి అలాంటిదేమీ లేదు. అందుకని 23 అని లెక్క పెంచలేం. అసలు ఎన్‌ఆర్‌పీఎస్ వైపు వస్తే 23 దగ్గర ఆగదు, వందల రకాలున్నాయి.

శ్రావణి గారూ, నేను ఇక్కడ జర్మనీలో ఈ ఎంజైమ్‌ల మీదే పని చేస్తున్నాను, కొంచెం వివరంగా రాస్తాను.

పెళ్లిలో బఫే అనుకోండి. ప్లేటు ఒక కౌంటర్ నుంచి పక్క కౌంటర్‌కు వెళ్తుంది. ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కొక్కరు, ఒక్కొక్కరూ ఒక్క ఐటమ్ మాత్రమే వడ్డిస్తారు. ఎన్ని కౌంటర్లుంటే అన్ని ఐటమ్‌లు, కౌంటర్ల వరుసే ప్లేట్లో వరుస. ఎన్‌ఆర్‌పీఎస్‌లో కౌంటర్‌ను మాడ్యూల్ అంటాం. ప్రతి మాడ్యూల్‌లో కనీసం మూడు భాగాలు. అడెనైలేషన్ భాగం ఏ ఆమ్లం కావాలో ఎంచి, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెట్టి దాన్ని చురుగ్గా చేస్తుంది. తర్వాతిది సార్ చెప్పిన పొడవాటి చెయ్యి, ఆమ్లాన్ని సల్ఫర్ బంధంతో పట్టుకుంటుంది. మూడోది కండెన్సేషన్ భాగం, వెనక నుంచి వచ్చిన గొలుసును కొత్త ఆమ్లానికి అతికిస్తుంది. కొన్ని మాడ్యూళ్లలో ఎల్‌ను డిగా తిప్పే భాగమో, మిథైల్ తగిలించే భాగమో అదనంగా ఉంటుంది.

ట్రైకోడెర్మా వైరెన్స్ అనే జాతిలో టెక్స్1 అనే జన్యువు ఉంది. 2002లో ప్రచురించారు. దాదాపు 62.8 కిలోబేసుల పొడవు, మధ్యలో ఒక్క ఇంట్రాన్ (తర్వాత కోసి పారేసే ముక్క) కూడా లేదు. దాని నుంచి వచ్చే ఎంజైమ్‌లో 18 మాడ్యూళ్లు, బరువు సుమారు 23 లక్షల డాల్టన్లు. రైబోజోమ్ బరువుకు దగ్గరగా వస్తుంది! 18 ఆమ్లాల చిన్న గొలుసు కోసం ఒక బూజు ఇంత పెద్ద యంత్రాన్ని పెట్టుకుందంటే ఆ గొలుసుతో దానికి ఎంత పని పడి ఉండాలి?

పల్నాడు_మిరప

అన్నా, మీరు రాసింది సగం అర్థమైంది, సగం పై నుంచి పోయింది. కానీ ట్రైకోడెర్మా పేరు చూసి లోపలికి వచ్చా. మేము ఏటా వాడతాం. రెండు కిలోల పొడి, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టాలు కప్పి నీడలో వారం పైగా ఉంచుతాం. తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కట్టాక ఎకరానికి చల్లుతాం. మిరపలో ఎండు తెగులు, వేరుకుళ్లు తగ్గుతాయి.

నా డౌటు ఏంటంటే, మీరు చెప్పే ఈ పెప్టైడ్ పొడి ప్యాకెట్‌లోనే ఉంటదా, చేలోకి పోయాక తయారవుద్దా? దుకాణంలో అడిగితే "అన్నీ ఉంటాయి బాబాయ్, చల్లుకో" అన్నాడు.

జెనా_తెలుగోడు

పల్నాడు అన్నా, ప్యాకెట్‌లో ప్రధానంగా ఉండేది టాల్క్ పొడిలో కలిపిన సిద్ధబీజాలు. పెప్టైడ్‌ను బూజు పెరిగేటప్పుడు తయారు చేసుకుంటుంది. అందుకే మీరు ఎరువులో మాగబెట్టడం సరైన పని, చేలోకి వెళ్లేసరికి బూజు బతికి, పెరుగుతూ ఉండాలి.

వేరుకుళ్లు కలిగించే బూజు దగ్గరికి వెళ్లాక ట్రైకోడెర్మా రెండు పనులు కలిపి చేస్తుంది. దాని కణగోడను కరిగించే ఎంజైమ్‌లు వదులుతుంది. అదే సమయంలో ఈ ఏఐబీ పెప్టైడ్లు ఎదుటి బూజు కణపొరలో దూరతాయి. కణగోడకు కావలసిన గ్లూకాన్‌ను తయారు చేసే ఎంజైమ్ ఆ పొరలోనే ఉంటుంది, దాని పని కుంటుపడుతుంది. ఒక పక్క గోడ కూలుతోంది, ఇంకో పక్క మరమ్మతుకు మేస్త్రీ లేడు. విడివిడిగా కంటే రెండూ కలిస్తే దెబ్బ చాలా ఎక్కువని 1990లలోనే చూపించారు. మొక్కకు కూడా ఈ పెప్టైడ్లు తెలుస్తాయి. ట్రైకోడెర్మా వైరెన్స్ పెప్టైడ్లు తగిలిన దోస మొక్కలు తమ రక్షణ వ్యవస్థను ముందే లేపుకున్నాయి.

పల్నాడు_మిరప

మంచిగా చెప్పినవ్ అన్నా. ఇంకోటి, మా పక్క చేను ఆయన దీంతో పాటే కార్బెండజిమ్ కూడా పోసిండు. డబ్బులు ఎక్కువైతే అట్లనే ఉంటది.

పాత_లెక్చరర్

అయ్యో! కార్బెండజిమ్ బూజును చంపే మందు, ట్రైకోడెర్మా కూడా బూజే. పైగా దానికి ఈ మందంటే అసలు పడదు. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో చంపుకున్నట్టే.

శ్రావణి_బయోకెమ్

అందరికీ థాంక్స్. జెనా అన్నా, ఇంకో ప్రశ్న. కణపొరలో దూరాలంటే నీటికి దూరంగా ఉండే ఆమ్లాలు చాలు కదా, ల్యూసిన్, వాలిన్ ఉన్నాయి. ఏఐబీయే ఎందుకు? అదీ ఇరవైలో ఎనిమిది?

జెనా_తెలుగోడు

ఇక్కడే అసలు కిటుకు. అలనిన్ గీసుకో. మధ్య కార్బన్‌కు ఒక మిథైల్, ఒక హైడ్రోజన్. ఆ హైడ్రోజన్ తీసేసి ఇంకో మిథైల్ పెట్టు. అదే ఏఐబీ. తేడా అంతే. ఎల్, డి తేడా కూడా పోయింది, ఎందుకంటే రెండు చేతులూ ఒకటే.

కానీ ఆ రెండో మిథైల్ వల్ల చోటు ఇరుకైపోయింది. గొలుసు తన ఇష్టం వచ్చినట్టు తిరగలేదు. మిగతా ఆమ్లాలు చాలా భంగిమల్లో ఉండగలవు, ఏఐబీ మాత్రం దాదాపు హెలిక్స్ (స్ప్రింగ్‌లాంటి చుట్ట) మలుపులోనే కూర్చుంటుంది. ఇరవైలో ఎనిమిది ఏఐబీలు పెడితే గొలుసుకు హెలిక్స్ తప్ప వేరే దారి లేదు. నీళ్లలోనైనా, పొరలోనైనా గట్టి కడ్డీలా నిలబడుతుంది. ఆ కడ్డీలు కొన్ని గుండ్రంగా చేరి పొరలో రంధ్రం చేస్తాయి. పొరకు అటూ ఇటూ వోల్టేజ్ తేడా ఉంటే ఇంకా బాగా తెరుచుకుంటాయి. అలమెథిసిన్ మీద అయాన్ చానెళ్ల వాళ్లు దశాబ్దాల పాటు పని చేసింది అందుకే. 1982లో ఎక్స్‌రే నిర్మాణం కూడా తేలింది.

ఇంకో లాభం, ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లు దీని దగ్గర ఓడిపోతాయి. మట్టిలో వెయ్యి రకాల జీవులు ప్రొటీయేజ్‌లు వదులుతుంటాయి, మామూలు పెప్టైడ్ వేస్తే తినేస్తాయి.

పాత_లెక్చరర్

"చాలా భంగిమలు, కొన్నే భంగిమలు" అన్నది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి కదా. అది మన దేశం లెక్క. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ వేసిన పటం. గొలుసు ఎలా మలుపు తిరుగుతుందో చెప్పే ఫై, సై అనే రెండు కోణాలను రెండు అక్షాల మీద పెట్టి, పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకోని చోట్లు మాత్రమే మిగిల్చారు. అందులో ఏఐబీకి మిగిలింది చాలా కొంచెం చోటు. తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో బలరామ్ గారి బృందం ఏఐబీ పెప్టైడ్లను రసాయనికంగా తయారు చేసి, స్ఫటికాలు తీసి, ఇది నిజమేనని ఏళ్ల తరబడి చూపించింది. శ్రావణీ, నీ సెమినార్‌లో రామచంద్రన్ పటం ఒక్క స్లైడ్ తప్పకుండా పెట్టు. బజ్జీలో మిరపకాయ లేకపోతే ఎలా?

మందులషాపు_మూర్తి

ఈ చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మా షాపుకు వచ్చే షుగర్ పేషెంట్లు ఇప్పుడు సెమాగ్లుటైడ్ అడుగుతున్నారు, బరువు తగ్గడానికి అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ. దాని కెమిస్ట్రీలో ఏఐబీ ఉందని ట్రైనింగ్‌లో విన్నాను. ఇదేనా అది, వేరేదా?

జెనా_తెలుగోడు

ఇదే మూర్తి గారూ, అచ్చంగా ఇదే. మన పేగు నుంచి వచ్చే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ రక్తంలో రెండు నిమిషాలు కూడా నిలవదు. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాని మొదట్లో రెండో ఆమ్లం, అంటే అలనిన్, తర్వాత కోసేస్తుంది. సెమాగ్లుటైడ్‌లో ఆ అలనిన్ బదులు ఏఐబీ పెట్టారు. ఒక్క మిథైల్ ఎక్కువ, ఎంజైమ్ కోయలేకపోతోంది. టిర్జెపటైడ్‌లో అయితే రెండు చోట్ల ఏఐబీ ఉంది.

వారానికి ఒక్క ఇంజెక్షన్ సరిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. గొలుసుకు అతికించిన పొడవాటి కొవ్వు ఆమ్లం రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని మందును కిడ్నీ గుండా పోకుండా ఆపుతుంది. కానీ ఏఐబీ లేకపోతే అంతకాలం ఆల్బుమిన్ మీద వేలాడేలోపు మొదలే తెగిపోతుంది.

అనుమానాల_రావు

అంటే ట్రైకోడెర్మా నుంచి తీసిన ఏఐబీని మందులో వేస్తున్నారా? ఇంకేం, రేపటి నుంచి వాట్సాప్‌లో "వేపపిండి, పశువుల ఎరువుతో షుగర్ మాయం" అని వస్తుంది చూడండి 😄

మందులషాపు_మూర్తి

వస్తుంది సార్, వచ్చి మా కౌంటర్ దగ్గరే నిలబడతారు. ఫ్యాక్టరీలో వాడే ఏఐబీ రసాయనికంగా తయారైంది. బూజుతో సంబంధం లేదు. ఈ మందు డాక్టర్ రాసిస్తేనే తీసుకోవాలి, అది వేరే మాట.

ఉల్కల_పిచ్చోడు

ఆస్ట్రానమీ వైపు నుంచి వచ్చాను. ఏఐబీ మాకూ పాత చుట్టమే! 1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర ఒక ఉల్క పడింది. వంద కిలోలకు పైగా ముక్కలు ఏరారు. అందులో గ్లైసిన్, అలనిన్‌తో పాటు ఏఐబీ, ఐసోవాలిన్ కూడా దొరికాయి. ఈ రెండూ జీవుల ప్రొటీన్లలో ఉండవు కాబట్టి ఇవి ఆకాశం నుంచే వచ్చాయని అప్పట్లో అందరికీ ధైర్యం. ఇప్పుడు మీరేమో మిరప చేలోనే ఉన్నాయంటున్నారు.

అనుమానాల_రావు

నేను అడగాల్సింది మీరే అడిగారు. ఉల్క మీద బూజు పట్టిందేమో?

ఉల్కల_పిచ్చోడు

ఆ అనుమానం శాస్త్రవేత్తలకూ వచ్చింది రావు గారూ. బూజుల పెప్టైడ్లలో ఏఐబీయే కాదు, ఐసోవాలిన్ కూడా ఉంటుంది. అందుకే ఇప్పుడు పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పరు, ఐసోటోపులు చూస్తారు. మర్చిసన్ అమైనో ఆమ్లాల్లో బరువైన కార్బన్-13, బరువైన హైడ్రోజన్ భూమి మీది వాటికంటే బాగా ఎక్కువ. బూజు చేసిన ఏఐబీలో అలా ఉండదు. అంటే ఉల్కలోది నిజంగానే బయటి నుంచి వచ్చిందే.

ఇంకోటి, మర్చిసన్ ఐసోవాలిన్‌లో ఎల్ రకం డి కంటే కాస్త ఎక్కువ ఉంది. జీవులు ఎల్ వైపే ఎందుకు మొగ్గాయన్న ప్రశ్నకు అక్కడేమైనా జవాబు ఉందా అని ఇంకా వాదించుకుంటున్నారు.

గోదావరి_కోళ్లు

చదివి చదివి కళ్లు తిరిగాయండీ. మాది తణుకు పక్క లేయర్ ఫారం. మీరు చెప్పే ఈ "వింత ఆమ్లాలు" మా మేతలో కూడా ఉంటాయా? ఎన్రామైసిన్ వాడతాం, పేగు జబ్బుకి. మునుపు కొలిస్టిన్ కూడా వచ్చేది, ఇప్పుడు లేదు.

పాత_లెక్చరర్

ఉంటాయి నాయనా, రెండింటిలోనూ.

ఎన్రామైసిన్ స్ట్రెప్టోమైసిస్ చేసే పెప్టైడ్. 1960లలో జపాన్‌లో దొరికింది. అందులో ఎండ్యురాసిడిడిన్ అనే ఆమ్లం ఉంది. అర్జినిన్ తోకను వెనక్కి వంచి చిన్న ఉంగరంలా ముడి వేస్తే అది వస్తుంది. 2015లో కిమ్ లూయిస్ బృందం టీక్సోబాక్టిన్ ప్రకటించినప్పుడు పత్రికలన్నీ రాశాయి కదా, అందులోనూ ఇదే ఆమ్లం. అది అమెరికాలో మెయిన్ రాష్ట్రం మట్టిలోని బాక్టీరియా నుంచి వచ్చింది. ఆ బాక్టీరియా ల్యాబ్ ప్లేట్ మీద పెరగదు, అందుకని మట్టిలోనే చిన్న చిన్న గదుల్లో పెట్టి పెంచారు.

కొలిస్టిన్ సంగతి వేరు. పది ఆమ్లాల్లో ఆరు డైఅమైనోబ్యుటిరిక్ ఆమ్లాలే. వాటిలో ఐదింటికి తలా ఒక ధనావేశం, ఆరోది ఉంగరం ముడిలో వాడుకుపోయింది. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా బయటి పొరలో ఉన్న ఋణావేశపు కొవ్వును అవి గట్టిగా పట్టుకుని పొరను చీలుస్తాయి. లైసిన్‌కూ ధనావేశమే ఉంది, కానీ దాని తోక ఇంకో రెండు కార్బన్లు ఎక్కువ పొడవు. పొట్టి తోక వల్లే ఆ పట్టు అంత బిగువుగా కుదురుతుంది.

మందులషాపు_మూర్తి

కొలిస్టిన్ ఎందుకు ఆపారో కూడా చెప్పాలి. ఐసీయూలో ఏ మందూ పని చేయనప్పుడు ఆఖరున ఇచ్చేది అది. కిడ్నీలకు దెబ్బ అని తెలిసినా ఇస్తారు, ఇంకేమీ లేదు కాబట్టి. 2015లో చైనాలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది, పందుల్లో, మాంసంలో, మనుషుల్లో. అది ఉన్న బాక్టీరియా తన కొవ్వుకు ఒక ముక్క తగిలించి ఋణావేశాన్ని తగ్గించుకుంటుంది. అంతే, సార్ చెప్పిన ఐదు ధనావేశాలకు పట్టు దొరకదు. పైగా ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది, ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. మన ప్రభుత్వం 2019 జూలైలో కోళ్లు, చేపలు, రొయ్యలు, ఇతర ఆహార జంతువుల్లో కొలిస్టిన్ నిషేధించింది. నన్నడిగితే ఆలస్యమే.

గోదావరి_కోళ్లు

మా వాళ్లలో చాలామంది "మందు ఆపితే గుడ్లు తగ్గుతాయి" అని గోల పెట్టారు. నేనైతే నీళ్ల శుభ్రత మీద పడ్డాను. మా మేనల్లుడు ఐసీయూలో ఉన్నప్పుడు ఆ మందు పేరు అక్కడ విన్నాక మళ్లీ నోరెత్తలేదు.

నేను_విజయ్

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆరియోమైసిన్ కూడా ఇలాంటిదే కదా? స్ట్రెప్టోమైసిస్ నుంచే!

పాత_లెక్చరర్

అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో ఆయన పరిశోధన విభాగం నడిపిన రోజుల్లో అక్కడి డగ్గర్ తీసినది, 1948. స్ట్రెప్టోమైసిస్ నుంచే, నిజం. కానీ అది టెట్రాసైక్లిన్, పెప్టైడ్ కాదు. అమైనో ఆమ్లాల గొలుసు అందులో లేదు. ఆయన గురించి వేరే దారం తెరువు విజయ్, అందరం వస్తాం.

శ్రావణి_బయోకెమ్

చివరి ప్రశ్న, నిజంగా చివరిదే. గొలుసులోకి ఎక్కించడం అర్థమైంది. అసలు ఏఐబీని బూజు దేని నుంచి చేస్తుంది? ఇంకా అలమెథిసిన్‌లో 8 అని నేను రాశాను, ఒక పేపర్లో 9 అని ఉంది. ఏది రాయాలి?

జెనా_తెలుగోడు

రెండూ సరైనవే. బఫేలో వడ్డించేవాళ్లు అంత కచ్చితంగా ఉండరు. ఆరో స్థానంలోని మాడ్యూల్ అలనిన్‌నూ పట్టుకుంటుంది, ఏఐబీనీ పట్టుకుంటుంది. ఒక్క మిథైలే తేడా కదా. అందుకే బూజు నుంచి తీసిన అలమెథిసిన్ ఎప్పుడూ దగ్గర దగ్గర రకాల మిశ్రమం. స్లైడ్ మీద "ఎఫ్30 రకం, ఆరో చోట అలనిన్ ఉన్నది" అని రాస్తే ఎవరూ పట్టుకోలేరు.

ఏఐబీ తయారీకి వస్తే, 2021లో ఒక పెన్సిలియం బూజులో దారి తేలింది. మొదలు వాలిన్. ఇనుము ఉన్న ఒక ఆక్సిజనేజ్ దాని మీద మూడు పరమాణువుల చిన్న ఉంగరం, అజిరిడిన్, కడుతుంది. ఆ తర్వాత ఒక కార్బన్ ఊడిపోతుంది. వాలిన్‌లో ఐదు కార్బన్లు, ఏఐబీలో నాలుగు, లెక్క సరిపోయింది.

పాత_లెక్చరర్

శ్రావణీ, ఒక్క జాగ్రత్త. పైన చెప్పిన టెక్స్1లో 18 మాడ్యూళ్లు, అది ట్రైకోడెర్మా వైరెన్స్‌లోని 18 ఆమ్లాల పెప్టైడ్లకు. నీ అలమెథిసిన్‌లో 20. ఆ రెండూ ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పెడితే "మిగతా రెండు ఎవరు అతికించారు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. విడిగా పెట్టు.

శ్రావణి_బయోకెమ్

సరే సార్, రెండు స్లైడ్లు చేస్తాను. పల్నాడు బాబాయ్, మీ గోనెపట్టా కింద పచ్చబూజు కట్టిన ఫోటో ఉంటే పెట్టండి, మొదటి స్లైడ్‌కు వాడుకుంటాను.

పల్నాడు_మిరప

ఇప్పుడైతే లేదమ్మా, ఈసారి కలిపినప్పుడు తీసి ఇక్కడే పెడతా.